పేగు మేల్కొనే వేళ



ముప్పై సంవత్సరాలుగా మేము మదరసాలో చిన్న తరగతుల పిల్లలకు తహారత్ పాఠం బోధిస్తున్నాము. వుజూను భంగపరచే విషయాలు ఏవి అని అడిగితే పదేళ్ళ పిల్లవాడు వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కటే చెబుతాడు. కడుపులోని గాలి బయటకు పోవడం కూడా ఆ జాబితాలో ఉన్నది. పాఠం మొదలైన రోజున వెనుక వరుసల నుండి నవ్వులు వినిపిస్తాయి. రెండవ రోజుకు అవి ఆగిపోతాయి. ధర్మశాస్త్రం ఆ విషయాన్ని సిగ్గుపడకుండా, వెక్కిరించకుండా, ఉన్నదున్నట్లు చెప్పిందని పిల్లలకు అర్థమవుతుంది.

అటువంటి పాఠం చెప్పే మేమే, మా సొంత అక్కగారి మంచం పక్కన అదే మాట వినవలసి వచ్చినప్పుడు తల తిప్పుకున్నాము. అందుకు ఆమె మూడు రోజుల బాధతో మూల్యం చెల్లించింది. ఈ నెల ఆ సంగతితోనే ఆరంభిస్తున్నాము.

మా ఆపాకు అరవై రెండేళ్ళు. గత చలికాలంలో ఒక రాత్రి కడుపునొప్పి, వాంతులు ఆరంభమయ్యాయి. తెల్లవారేసరికి పొట్ట గట్టిపడింది. ఆసుపత్రికి తీసుకువెళితే పేగు మెలిక పడిందని, ఆలస్యం చేయరాదని చెప్పి వెంటనే శస్త్రచికిత్స చేశారు. చచ్చుబడిన కొంత పేగును తీసివేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుట్టారు. అల్హమ్దులిల్లాహ్, ప్రాణాపాయం తప్పింది.

మరునాటి నుండి సర్జన్ గారు ఉదయం, సాయంత్రం వచ్చి పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విని, ఒకే ప్రశ్న అడిగేవారు: "గ్యాస్ పోయిందా అమ్మా?" ఆ సమయంలో మంచం చుట్టూ ఆమె అల్లుడు, ఇద్దరు మేనల్లుళ్ళు, మేము నిలబడి ఉండేవారము. ఆపా దుపట్టా ముఖం మీదికి లాక్కునేది. మేము కిటికీ వైపు చూసేవారము. మూడవ రోజు సాయంత్రం ఆ ప్రశ్న మళ్ళీ వినిపించగానే ఆమె తల ఊపింది. పోయిందని సర్జన్ గారు అనుకున్నారు. ద్రవాహారం ఇవ్వమని రాసి వెళ్ళారు. ఇంటి నుండి గంజి వచ్చింది, కొబ్బరినీళ్ళు వచ్చాయి.

ఆ రాత్రి ఆకుపచ్చని వాంతులు. పొట్ట మళ్ళీ ఉబ్బింది. తీసివేసిన ముక్కు గొట్టాన్ని తిరిగి వేయవలసి వచ్చింది. కలిపిన చోట కుట్టు వదిలి లోపల లీకవుతున్నదేమోనన్న భయంతో స్కాన్ తీయించారు. కుట్టు పదిలంగానే ఉన్నది. పేగులు ఇంకా మేల్కొనలేదు, అంతే. తెల్లవారుజామున ఆపా మా ఇంటివారి చెవిలో చెప్పింది: "పోలేదు. అల్లుడి ముందర మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే తల ఊపేశాను."

ఆమె ఉద్దేశపూర్వకంగా అబద్ధం చెప్పిందని మేము అనలేము. అంతమంది మగవారి నడుమ ఒక స్త్రీ అటువంటి ప్రశ్నకు జవాబు చెప్పవలసిన స్థితిని మేమే కల్పించాము.

పొట్ట శస్త్రచికిత్స తరువాత పేగులు ఎందుకు నిద్రపోతాయో మాకు కూడా అప్పటిదాకా తెలియదు. సర్జన్ గారు ఓపికగా వివరించారు. మన పేగులు ఆహారాన్ని ముందుకు నెట్టడానికి అలలు అలలుగా ముడుచుకుంటూ, వదులవుతూ ఉంటాయి. శస్త్రచికిత్సలో వాటిని చేతితో తాకి, కదిలించినప్పుడు అవి వాస్తాయి. శరీరం ప్రమాదంలో ఉన్నదని గ్రహించిన నరాలు పేగుల కదలికను అణచివేస్తాయి. నొప్పి తగ్గించడానికి ఇచ్చే నల్లమందు జాతి ఔషధాలు ఆ కదలికను మరింత మందగింపజేస్తాయి. సాధారణంగా చిన్నపేగు ఒక రోజులోపే తేరుకుంటుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. అన్నిటికంటే చివర మేల్కొనేది పెద్దపేగే గనుక, గాలి బయటకు పోవడం ఆ దారి అంతా తెరుచుకుంటున్నదనడానికి గుర్తు. సర్జన్ ఆ ప్రశ్న అడిగేది మనలను ఇబ్బంది పెట్టడానికి కాదు. యంత్రాలు ఎన్ని ఉన్నా, ఆ కబురు రోగి నోటి నుండే రావాలి.

ముక్కు గొట్టం రెండవసారి వేసిన రోజున మా మేనల్లుడు ఫోను చేతబట్టుకుని మా వద్దకు వచ్చాడు. "మామూ, చైనాలో ఆపరేషన్ అయినవాళ్ళకు కాలికీ, మణికట్టుకూ కరెంటు స్టిక్కర్లు అంటిస్తారట. పేగులు తొందరగా కదులుతాయట. మన ఊళ్ళో నడుమునొప్పికి కరెంటు పెడతారు చూడండి, అలాంటి డబ్బానే. తెప్పించి అమ్మీకి పెడదామా?" అని అడిగి, క్షణం ఆగి, "అది వాళ్ళ 'చీ' అనే నమ్మకం మీద నడిచే వైద్యమట. మనకు జాయిజేనా?" అన్నాడు.

అతడు అడిగినవి రెండు ప్రశ్నలు. ఆ చికిత్స ఫలిస్తుందా? అది ధర్మసమ్మతమేనా? ఆ రోజు మా వద్ద రెండింటికీ జవాబు లేదు. తరువాత వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నదానిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

చైనాలో శరీరం మీది కొన్ని స్థానాలలో సన్నని సూదులు గుచ్చే వైద్యం రెండు వేల సంవత్సరాలకు పైబడినది. మన దేశానికి కూడా అది కొత్త కాదు. 1938లో జపాను దాడికి గురైన చైనా ప్రజలకు సేవ చేయడానికి భారతదేశం నుండి అయిదుగురు వైద్యులు వెళ్ళారు. డాక్టర్ కోట్నీస్ వారిలో ఒకరని అనేకులకు తెలుసు. మరొకరైన డాక్టర్ బిజయ్ కుమార్ బసు తరువాతి కాలంలో ఆ సూదుల వైద్యాన్ని నేర్చుకుని కలకత్తాలో దానికి పునాది వేశారు.

పాశ్చాత్య ప్రపంచం దానివైపు తలతిప్పి చూసింది మాత్రం ఒక పాత్రికేయుని పొట్ట వల్ల. న్యూయార్క్ టైమ్స్ పత్రికకు చెందిన జేమ్స్ రెస్టన్ 1971 జూలైలో పెకింగ్ నగరంలో ఉండగా అపెండిక్స్ వాచింది. జూలై 17న అక్కడి ఆసుపత్రిలో దానిని తొలగించారు. రెండవ రోజు రాత్రి ఆయన పొట్ట ఉబ్బి, లోపల ఒత్తిడితో బాధపడ్డారు. మా ఆపా పడిన బాధ వంటిదే అది. అక్కడి సూదుల వైద్యుడు ఆయన మోచేతి వద్ద, మోకాళ్ళ కింద సూదులు గుచ్చి తిప్పారు. ఒక మూలికను వెలిగించి పొట్టకు దగ్గరగా ఉంచారు. ఇదంతా ఇరవై నిమిషాల పని. గంటలోపే ఉబ్బరం తగ్గిందని, మళ్ళీ రాలేదని రెస్టన్ అదే నెల 26న తమ పత్రికలో రాశారు.

ఇక్కడ మన పాఠకులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ వ్యాసం తరువాత రెస్టన్‌కు మత్తుమందే లేకుండా, కేవలం సూదులతో శస్త్రచికిత్స చేశారన్న ప్రచారం లోకమంతా పాకింది. అది నిజం కాదు. తిమ్మిరెక్కించే మందును మామూలుగానే ఇంజెక్షన్ ద్వారా ఇచ్చారని ఆయనే స్పష్టంగా రాశారు. సూదులు వాడింది తరువాత వచ్చిన ఉబ్బరానికి మాత్రమే. వచ్చిన వార్తను నిర్ధారించుకోకుండా స్వీకరించరాదని సూరా హుజురాత్ మనకు నేర్పుతున్నది. ఫోనులోకి వచ్చే వైద్య వార్తలకు ఆ బోధ మరింతగా వర్తిస్తుంది.

ఒకే ఒక్క మనిషికి ఒక రాత్రి ఉబ్బరం తగ్గితే అది సూదుల వల్లనేనని చెప్పలేము. దానంతట అదే తగ్గే సమయం వచ్చి ఉండవచ్చు. అందుకే వైద్యులు ఆ తరువాత పరీక్షకు పూనుకున్నారు. సూదులకు సన్నని విద్యుత్తును జతచేశారు. కొందరు సూదులనే మానివేసి, జిగురు పట్టీలను చర్మానికి అంటించి వాటిద్వారా అదే స్థానాలకు విద్యుత్తును పంపారు. మా మేనల్లుడు చూసిన స్టిక్కర్లు ఇవే.

విద్యుత్తును వైద్యానికి వాడడం అంత కొత్త సంగతి కాదు. మొదటి శతాబ్దంలోనే రోమ్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి, కీళ్ళవాతానికి విద్యుత్ చేపను తాకించమని రాశాడు. బాగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ ఈజిప్టును చూసి రాసిన గ్రంథంలో, పట్టుకున్నవాని చేతిని వణికించి మొద్దుబార్చే నైలునది చేపను వర్ణించాడు. దానిని అరబ్బీలో 'రఆద్' అంటారు. ఉరుము అనే అర్థంగల 'రఅద్' పేరుతో దివ్యఖుర్ఆన్‌లో పదమూడవ సూరా ఉన్నదని మన పిల్లలకు తెలుసు. రెండు మాటలకూ ధాతువు ఒకటే.

ఇక నేటి పరికరం సంగతి. అది అరచేతిలో ఇమిడే చిన్న డబ్బా. ఫిజియోథెరపీ కేంద్రాలలో టెన్స్ అని పిలిచే యంత్రం వంటిదే. దాని తీగల చివర జిగురు పట్టీలు ఉంటాయి. పొట్ట శస్త్రచికిత్స తరువాత ముఖ్యంగా రెండు స్థానాలను ఎంచుకుంటారు. ఒకటి మోకాలి చిప్ప దిగువ అంచు నుండి నాలుగు వేళ్ళ కింద, ముంగాలి ఎముక అంచుకు ఒక వేలు బయటి వైపున ఉంటుంది. చైనా వారు దానిని 'జూసాన్లీ' అంటారు. రెండవది ముంజేతి లోపలి వైపు, మణికట్టు గీతకు మూడు వేళ్ళ పైన, రెండు నరాల్లా కనిపించే స్నాయువుల నడుమ ఉంటుంది. దాని పేరు 'నైగ్వాన్'. మొదటిది పేగుల కదలికకు, రెండవది వికారానికి, వాంతులకు వాడతారు. విద్యుత్తు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. రోగికి చీమలు పాకినట్లు, కండరం కొద్దిగా అదిరినట్లు తెలియాలి గాని నొప్పి కలగరాదు. సాధారణంగా ఒక్కో విడత అరగంట ఉంటుంది.

కాలికి పెట్టిన విద్యుత్తు పేగులకు ఎలా చేరుతుంది? అది పేగుల దాకా ప్రవహించదు. కాలిలోని నరాలు ఆ స్పర్శను వెన్నుపాము ద్వారా మెదడుకు చేరవేస్తాయి. మెదడు నుండి పొట్టదాకా దిగే వేగస్ అనే పెద్ద నరం ద్వారా జవాబు వస్తుందని, పేగుల కదలికను పెంచి వాపును తగ్గించేది ఆ నరమేనని శాస్త్రజ్ఞుల అంచనా. 2021లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ఎలుకలలో ఈ దారిలోని కొంత భాగాన్ని చూపింది. వెనుక కాలిలో, చర్మం కింద లోతైన పొరలో ఉండే ఒక రకం నరాలను స్వల్ప విద్యుత్తుతో తట్టినప్పుడు వేగస్ నరం మేల్కొని శరీరంలోని వాపును అణచే జవాబు వచ్చింది. పొట్ట మీది స్థానానికి అదే విద్యుత్తును ఇస్తే ఆ జవాబు రాలేదు. ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యమేనని దీనివల్ల తెలిసింది. అయితే ఎలుకలలో తేలినదంతా మనుషులకు వర్తిస్తుందని అనుకోరాదు.

మనుషులలో జరిగిన పరీక్షలలో హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయ వైద్యులు 2013లో ప్రచురించినది చెప్పుకోదగినది. పెద్దపేగు క్యాన్సర్‌కు చిన్న రంధ్రాల ద్వారా శస్త్రచికిత్స పొందిన 165 మందిని మూడు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు సూదులతో విద్యుత్తు ఇచ్చారు. రెండవ జట్టుకు పైకి అలాగే కనిపించే ఉత్తుత్తి చికిత్స చేశారు. మూడవ జట్టుకు ఏమీ చేయలేదు. మొదటి మలవిసర్జనకు మొదటి జట్టుకు సగటున సుమారు 86 గంటలు పట్టింది. రెండవ జట్టుకు సుమారు 108 గంటలు, మూడవ జట్టుకు 122 గంటలు పట్టాయి. ఏమీ చేయని జట్టు ఆసుపత్రిలో సగటున 8.5 రోజులు ఉంటే, విద్యుత్తు పొందిన జట్టు 6.5 రోజులకు ఇల్లు చేరింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఉత్తుత్తి చికిత్స పొందినవారు కూడా ఏమీ పొందనివారికంటే త్వరగా కోలుకున్నారు. తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావం కూడా రోగికి మేలు చేసి ఉండవచ్చు. ఆసుపత్రిలో ఉన్న రోజుల విషయంలో అసలు చికిత్సకు, ఉత్తుత్తి చికిత్సకు చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2022లో చైనాలోని పలు ఆసుపత్రులు కలిసి 248 మందిపై జరిపిన పరీక్షలో కూడా మొదటి మలవిసర్జన సగటున 90 గంటల నుండి 76 గంటలకు తగ్గింది. అంటే సుమారు పధ్నాలుగు గంటల లాభం. కడుపు ఉబ్బి పడుకున్న మనిషికి పధ్నాలుగు గంటలు తక్కువేమీ కాదు. కానీ అది అద్భుతమూ కాదు.

ఈ రెండు పరీక్షలలోనూ వాడినవి సూదులు. సూదులు లేని పట్టీలపై కూడా చైనాలో అనేక పరీక్షలు జరిగాయి. చాలావరకు ఫలితాలు ఆశాజనకమే. అయితే వాటిలో చిన్నవి అనేకం. మణికట్టు స్థానం విషయంలో ఆధారం విస్తృతంగా ఉన్నది. దానిపై జరిగిన 59 పరీక్షలను, 7,667 మంది అనుభవాన్ని కాక్రేన్ సంస్థ 2015లో ఒకచోట చేర్చి పరిశీలించింది. సూది, పట్టీ, ఒత్తిడి కలిగించే కంకణం వంటి పద్ధతులన్నీ వాటిలో ఉన్నాయి. ఆ స్థానాన్ని ప్రేరేపిస్తే శస్త్రచికిత్స తరువాతి వికారం, వాంతులు తగ్గుతాయని, వాంతులను ఆపే మందులతో పోల్చినప్పుడు పెద్ద తేడా కనిపించలేదని తేల్చింది. కానీ ఆ పరీక్షలలో అనేకం బలహీనంగా ఉన్నాయని కూడా అదే నివేదిక చెప్పింది.

కనుక మొదటి ప్రశ్నకు జవాబు ఇది: ఇది కొంత సహాయపడే సాధనం. వైద్యానికి తోడుగా నిలుస్తుంది గాని వైద్యానికి బదులు కాదు.

రెండవ ప్రశ్నకు వస్తాము. శరీరంలో 'చీ' అనే శక్తి కొన్ని దారులలో ప్రవహిస్తుందని ప్రాచీన చైనా వారు భావించారు. ఆ వివరణను విశ్వసించవలసిన అవసరం రోగికి లేదు. నేటి వైద్యులు అదే చికిత్సను నరాల భాషలో వివరిస్తున్నారు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. నిషిద్ధమైన వాటితో చికిత్స వద్దన్నారు. అనారోగ్యంతో ఉన్న హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)ను సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్ళమన్నారని అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. హారిస్ పర్షియా దేశపు వైద్యం నేర్చినవాడని చరిత్రకారులు రాశారు. ఇతర జాతుల అనుభవం నుండి మేలైన వైద్యాన్ని స్వీకరించడం మన పెద్దలకు కొత్త కాదు. పట్టీలో నిషిద్ధ పదార్థం గాని, పూజ గాని, మంత్రం గాని లేదు. అది కేవలం విద్యుత్తు. ఎవరైనా దానికి తాయెత్తులు, మంత్రాలు జతచేసి అమ్మితే అది వేరే సంగతి. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ అని, పట్టీ ఒక కారణం మాత్రమేనని మనసులో ఉంచుకుంటే మాత్రకు వర్తించే ధర్మమే దీనికీ వర్తిస్తుంది.

అయినా ఆ రోజు మేము దానిని ఆపాకు పెట్టించలేదు. మేనల్లుని కోరికను సర్జన్ గారికి చెప్పినప్పుడు ఆయన కోపగించలేదు. "ముందు కుట్టు లీకవడం లేదని తేలాలి. లోపల లీకు ఉండి పొట్ట ఉబ్బితే కాలికి ఎన్ని పట్టీలు అంటించినా ప్రయోజనం లేదు. పైగా మనం ఆశతో కూర్చుంటే సమయం పోతుంది" అన్నారు. పరికరం తెప్పించుకుని ఇంట్లోనో వార్డులోనో సొంతంగా అంటించడం తగదన్నది ఆయన మాట సారాంశం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి దీనిని వాడరాదు. గర్భిణులు, మూర్ఛవ్యాధి ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే వాడరాదు. గాయం మీద, పుండు మీద, మెడ ముందు భాగంలో పట్టీలు అంటించరాదు. మధుమేహం వల్ల కాళ్ళు మొద్దుబారినవారికి విద్యుత్తు ఎంత తగులుతున్నదో తెలియదు గనుక చర్మం కాలే ప్రమాదం ఉన్నది. జ్వరం, పెరుగుతున్న నొప్పి, ఆగని వాంతులు, గట్టిపడిన పొట్ట, వీటిలో ఏది కనిపించినా పట్టీల ఆలోచన పక్కనపెట్టి సర్జన్‌ను పిలవాలి.

మన ఇళ్ళలో జరిగే మరికొన్ని పనుల గురించి కూడా చెప్పక తప్పదు. రోగిని చూడవచ్చిన బంధువు ప్రేమతో జమ్‌జమ్ నీరు, తేనె తెస్తాడు. నర్సు చూడకుండా ఒక చెంచా నోట్లో పోస్తాడు. శుభప్రదమైన వస్తువును దొంగతనంగా ఇవ్వవలసిన అవసరమేమున్నది? అడిగి ఇవ్వండి. ఇప్పటి సర్జన్లు చాలామంది మునుపటిలా రోజుల తరబడి నోరు కట్టివేయరు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990 దశకంలో చూపిన బాట ప్రకారం త్వరగా గుక్కెడు నీరు తాగించడం, త్వరగా నడిపించడం, నల్లమందు జాతి మందులను తగ్గించడం ఎన్నో ఆసుపత్రులలో అమలవుతున్నది. అయితే ఎవరికి ఎప్పుడు అనేది సర్జనే చెప్పాలి. కొందరు చూయింగ్ గమ్ నమలమని కూడా చెబుతారు. తిండి వస్తున్నదని పేగులను మేల్కొలిపే ఉపాయం అది. దానిలోని పదార్థాలు చూసుకుని ఇవ్వవచ్చు. హిజామా మేలైన చికిత్సే. కాని పొట్ట కోసిన కొద్ది రోజులకే, రక్తం పలుచబరచే మందులు నడుస్తుండగా, సర్జన్‌ను అడగకుండా దానిని చేయించరాదు.

ఇవన్నీ చెప్పిన తరువాత కూడా, మా ఆపాకు ఆ మూడు రోజులు కష్టం కలిగించింది పట్టీలు లేకపోవడం కాదన్న సంగతి మా మనసును వదలడం లేదు. హాంకాంగ్‌లో విద్యుత్తు ఇచ్చి సంపాదించినది కొన్ని గంటలు. మేము కిటికీ వైపు చూసి పోగొట్టుకున్నది మూడు రోజులు.

హయా విశ్వాసంలో భాగమని మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. హయా ఎక్కడ అడ్డు రాకూడదో చెప్పడం మరచిపోయాము. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీలకు సంబంధించిన అతి సున్నితమైన విషయాన్ని నేరుగా దైవప్రవక్త (స)నే అడిగారు. సత్యం విషయంలో అల్లాహ్ సిగ్గుపడడన్న మాటతో తమ ప్రశ్నను ఆరంభించారు. అన్సారీ స్త్రీలకు ధర్మం నేర్చుకోవడంలో సిగ్గు అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. ఇది ఒక దారి.

రెండవ దారి హజ్రత్ అలీ (రజి)ది. తమ శరీరానికి సంబంధించిన ఒక విషయాన్ని దైవప్రవక్త (స)ను అడగడానికి ఆయన సిగ్గుపడ్డారు. కారణం, తాము ఆ ఇంటి అల్లుడు కావడం. అలాగని ఆయన ప్రశ్నను మింగివేయలేదు. హజ్రత్ మిఖ్దాద్ (రజి)ను పంపి అడిగించారు. వుజూ ప్రకరణంలో ఈ హదీసును మేము ప్రతి సంవత్సరం బోధిస్తాము. అల్లునికి, అత్తవారింటికి నడుమ ఉండే సిగ్గును అది గుర్తించింది, గౌరవించింది, అయినా మాట ఆగిపోకుండా దారి చూపింది. మా ఆపా మంచం పక్కన అల్లుడు నిలబడి ఉండగా ఆ హదీసు మాకు గుర్తుకు రాలేదు.

కనుక పాఠకులకు మా విన్నపం ఇది. ఇంట్లో ఎవరికైనా పొట్ట శస్త్రచికిత్స జరిగితే, మొదటి రోజే ఒకరిని మిఖ్దాద్‌గా నియమించుకోండి. స్త్రీకి స్త్రీ, పురుషునికి పురుషుడు. డాక్టరు వచ్చేటప్పుడు మిగిలినవారు, ముఖ్యంగా అల్లుళ్ళు, కోడళ్ళు బయటకు వెళ్ళండి. ఆ ప్రశ్నను నర్సు ద్వారా అడిగించమని సర్జన్‌ను కోరండి. ఎవరూ కాదనరు. నోరు తిరగకపోతే ధర్మశాస్త్రమే ఒక గౌరవప్రదమైన మాటను ఇచ్చింది: రీహ్. గాలి అని అర్థం. మన దాదీలకు, నానీలకు ఆ మాట తెలుసు. పోతే పోయిందని, పోకపోతే పోలేదని చెప్పమనండి. నమాజు కోసం వుజూ ఉన్నదో లేదో చెప్పడంలో అబద్ధమాడనివారు, ప్రాణం కోసం అడిగినప్పుడు మాత్రం ఎందుకు దాచాలి?

శస్త్రచికిత్స జరిగిన ఆరవ రోజు ఫజ్ర్ వేళ. స్కాన్ తరువాత సర్జన్ గారి మాట ప్రకారం ఆపాను రోజుకు నాలుగుసార్లు వరండాలో నడిపిస్తున్నారు. ఆమె మంచం మీద కూర్చుని సైగలతో నమాజు చదువుతున్నది. మేము తలుపు బయట ఉన్నాము. ఇంతలో మా ఇంటివారు బయటకు వచ్చారు. ముఖంలో నవ్వు, కళ్ళలో నీళ్ళు.

"నమాజు మధ్యలో రీహ్ పోయిందట. తమ్ముణ్ణి అడుగు, నమాజు మళ్ళీ చదవాలా అంటున్నారు."

ముప్పై సంవత్సరాలలో ఆ ప్రశ్నకు ఎన్నోసార్లు జవాబు చెప్పాము. అంత సంతోషంతో చెప్పింది అదే మొదటిసారి. "నమాజు తిరిగి చదవాలి. అంతకంటే ముందు నర్సుకు చెప్పాలి" అన్నాము.

శౌచాలయం నుండి బయటకు వచ్చేటప్పుడు చదివే దుఆను మన పిల్లలకు మాటలు వచ్చీరాని వయసులోనే నేర్పుతాము. శరీరం నుండి బాధను తొలగించి స్వస్థతనిచ్చిన అల్లాహ్‌కు కృతజ్ఞత తెలపడం దాని భావం. ఇన్నేళ్ళుగా ఆ దుఆను మేము నాలుకతో చదివాము. ఆ ఉదయం దాని అర్థం తెలిసింది. రోగశయ్యపై ఉన్న మన సోదరీ సోదరులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థతను, వారికి సేవచేసే వారికి సహనాన్ని, వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.